రాజద్రోహం దాటి ఒక అడుగు

హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ సైనికాధికారులలో, 1944 జూలై 20న బాంబు పెట్టిన స్టాఫెన్‌బర్గ్‌కు దక్కిన గౌరవం హాన్స్ ఓస్టర్‌కు దక్కకపోవడానికి కారణం ధైర్యంలోని హెచ్చుతగ్గులు కాదు, వారు చేసిన పనుల స్వభావం. పాలకుణ్ణి కూలదోయ పూనుకోవడాన్ని జర్మన్ చట్టం 'హోఖ్‌ఫెరాట్' (రాజద్రోహం) అని, రక్షణ రహస్యాలను పరాయి రాజ్యానికి అందించడాన్ని 'లాండెస్‌ఫెరాట్' (దేశద్రోహం) అని వేరుచేస్తుంది. మొదటిదాన్ని తరువాతి తరాలు సులువుగానే మన్నించాయి. ఓస్టర్ రెండవదానికీ సిద్ధపడ్డాడు.

1887లో డ్రెస్డెన్‌లో ఒక పాస్టరు ఇంట పుట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన ఓస్టర్, 1933లో 'అబ్వేర్' అనే సైనిక గూఢచారి విభాగంలో చేరి, అడ్మిరల్ కనారిస్ అండతో ఆ కార్యాలయాన్నే ప్రతిఘటనకు స్థావరంగా మలిచాడు. చెకోస్లొవేకియాపై దాడికి ఆదేశం వెలువడగానే హిట్లర్‌ను బంధించాలని 1938 సెప్టెంబరులో ఆయన బృందం పన్నిన పథకం, మ్యూనిక్ ఒప్పందంతో ఆ యుద్ధమే తప్పిపోవడం వల్ల నీరుగారిపోయింది.

ఆ మరుసటి ఏడాది యుద్ధం రానే వచ్చింది. బెర్లిన్‌లోని డచ్ రాయబార కార్యాలయంలో సైనిక ప్రతినిధిగా ఉన్న తన మిత్రుడు సాస్‌కు, పశ్చిమ దేశాలపై దాడికి నిర్ణయించిన తేదీలను ఓస్టర్ చేరవేయసాగాడు. కానీ ఆ తేదీలు పదేపదే వాయిదా పడుతూ వచ్చినందువల్ల హేగ్‌లోని అధికారులకు ఆ సమాచారంపై నమ్మకం సడలింది. 1940 మే 9 రాత్రి అందిన ఆఖరి హెచ్చరిక నిజమైంది. తెల్లవారేసరికి జర్మన్ సేనలు హాలండ్‌లో ప్రవేశించాయి; అయిదు రోజుల్లో డచ్ సైన్యం లొంగిపోయింది.

ఆ హెచ్చరికలను నమ్మి డచ్ సైన్యం సన్నద్ధమై ఉంటే నేలకొరిగేది జర్మన్ సైనికులే. ఈ సంగతిని దాటవేసి ఓస్టర్‌ను పొగడడం ఆయనకు న్యాయం చేయడం కాదు, ఎందుకంటే అది ఆయన ఎరిగి చేసిన పని. తటస్థ దేశాలపై అకారణంగా దండెత్తే ప్రభుత్వం గెలిస్తే కలిగే వినాశం, ఓడితే కలిగే నష్టం కన్నా ఎన్నో రెట్లు పెద్దదన్నదే ఆయన నిశ్చయం. 1934 ఆగస్టు నుంచి సైనికుల చేత రాజ్యాంగం మీద కాక హిట్లర్ అనే వ్యక్తి పేరిట ప్రమాణం చేయించిన రాజ్యంలో, దేశభక్తి ఆ ప్రమాణానికి కట్టుబడడమే అనడం ఎలా? తోటి అధికారులు ప్రాణాలు పణంగా పెట్టారు. ఓస్టర్ దానితోపాటు, సైనికుడు ప్రాణం కన్నా మిన్నగా ఎంచే పరువును కూడా పెట్టాడు.

యూదులను కొందరిని అబ్వేర్ మనుషులుగా చూపి స్విట్జర్లాండ్‌కు దాటించిన వ్యవహారంపై సాగిన దర్యాప్తులో 1943లో సహచరుడు దోనాన్యీ అరెస్టు కాగా, ఓస్టర్ పదవి పోయింది. 1944 జూలై 21న ఆయననూ నిర్బంధించారు. ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఎస్.ఎస్. న్యాయస్థానం డిఫెన్సు లాయరైనా లేకుండా జరిపిన విచారణ మరునాడే, 1945 ఏప్రిల్ 9న, కనారిస్‌తోనూ మతాచార్యుడు బోన్‌హోఫర్‌తోనూ పాటు ఆయనను ఉరితీశారు. రెండు వారాలకే అమెరికన్ సేనలు ఆ శిబిరాన్ని చేరాయి.

ఆ విచారణకు అధ్యక్షత వహించిన న్యాయమూర్తి తోర్బెక్, ఆనాటి చట్టం ప్రకారమే నడుచుకున్నాడంటూ 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. నాజీల అన్యాయపు తీర్పులను రద్దుచేస్తూ జర్మన్ పార్లమెంటు చట్టం తెచ్చింది 1998లో.