కలుపు మందు జాడ.. టీడీఎస్ మీటర్‌కు దొరకదు!

మొన్న మా వదిన ఫోన్ చేసింది. వాళ్ల ఊరి బోరు చుట్టూ మొక్కజొన్న చేలే. ‘‘నీళ్లు బాగున్నాయట. ప్లాంటు అబ్బాయి మీటర్ పెట్టి చూపించాడు, నూట ఇరవయ్యే వచ్చింది’’ అంది ధీమాగా. ‘‘మరి కలుపు మందు ఉందో లేదో చూశారా వదినా?’’ అని అడిగాను. ‘‘అది కూడా చూస్తారా?’’ అంది.

చూడరు. అదే అసలు సమస్య.

టీడీఎస్ మీటర్ నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, కరిగిన లవణాలెన్నో అంచనాగా చెబుతుంది. అంతే. మొక్కజొన్నలో వాడే అట్రజిన్ తాగునీటిలో లీటరుకు 2 మైక్రోగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. అదెంత అంటారా? 5 వేల లీటర్ల ట్యాంకర్లు వంద తెచ్చి, ఆ నీళ్లన్నిటిలో ఒక్క గ్రాము కలిపితే ఆ హద్దుకు చేరినట్టే. రంగు మారదు, రుచి మారదు. కాచినా భరోసా లేదు. భూగర్భ జలాల్లోకి చేరుతోందనే యూరప్ దేశాలు ఈ మందును రెండు దశాబ్దాల కిందటే పక్కన పెట్టాయి.

ఇంత తక్కువ మోతాదును పట్టాలంటే నమూనాను పెద్ద ల్యాబ్‌కు పంపాలి. ఖరీదైన యంత్రాలు, నిపుణులు, రోజుల నిరీక్షణ తప్పవు. అందుకే ఊరి బోరు దాకా ఆ పరీక్ష రావడం లేదు.

ఇక్కడే మన సి.వి.రామన్ అక్కరకొస్తున్నారు. పదార్థాన్ని తాకి చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని 1928లో ఆయన నిరూపించారు. ఆ మార్పు ఒక్కో అణువుకు ఒక్కో వేలిముద్ర. కాకపోతే ఆ సంకేతం మరీ బలహీనం. 1974లో ఇంగ్లండ్‌లోని సౌథాంప్టన్ శాస్త్రవేత్తలు గరుకు వెండిపై అది అనూహ్యంగా బలపడటం గమనించారు. ఇప్పుడు వెండి, బంగారు నానో రేణువులతో అదే పని చేస్తున్నారు. రెండు రేణువుల మధ్య సందులో చిక్కిన అణువు సంకేతం లక్షల రెట్లు పెరుగుతుంది. చేతిలో ఇమిడే పరికరంతో, కొద్ది చుక్కల నీటితో, నిమిషాల్లో జాడ తెలిసే వీలుంది.

అలాగని రేపే ఇంటికో పరికరం కొనమనడం లేదు. బోరు, చెరువు నీళ్లలోని ఇతర పదార్థాలు రేణువులకు ముందే అంటుకుని ఫలితాన్ని తారుమారు చేస్తాయి. ఒక విడత రేణువులకూ మరో విడతకూ తేడా వస్తుంది. పారాక్వాట్ తేలిగ్గా దొరుకుతుంది, గ్లైఫోసేట్ అంత తేలిగ్గా దొరకదు. ‘ఏ మందైనా పట్టేస్తుంది’ అని ఎవరైనా అమ్మడానికొస్తే నమ్మకండి.

నా ఉద్దేశంలో దీన్ని జల్లెడలా వాడాలి. జిల్లా నీటి పరీక్ష కేంద్రాల్లో పెట్టి, అనుమానం వచ్చిన నమూనాలనే పెద్ద ల్యాబ్‌కు పంపాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలు ఇప్పటికే కిట్లతో ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి చూస్తున్నారు. మందు కొట్టాక పడే తొలి వానల తర్వాత నమూనా తీసే పని కూడా వాళ్లకు అప్పగించవచ్చు. ఫలితం పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఇది రైతును దోషిగా నిలబెట్టడానికి కాదు. కలుపు తీసే కూలీలు దొరక్క మందు కొడుతున్నాడు. ఆ నీళ్లు ముందు తాగేది అతని పిల్లలే.

ఈలోగా మనమేం చేయాలి? ప్లాంటు వాళ్లను మీటర్ అంకె కాదు, పురుగు మందులు, కలుపు మందుల వివరాలున్న ల్యాబ్ రిపోర్టు అడగాలి. ఇంట్లో ప్యూరిఫైయర్ ఉంటే కార్బన్ ఫిల్టర్ గడువులోగా మార్చాలి. అట్రజిన్ లాంటివాటిని చాలావరకు పట్టేది అదే. ఖాళీ మందు డబ్బాల్లో నీళ్లు పట్టొద్దు. స్ప్రేయర్‌ను బావి దగ్గర, బోరు దగ్గర కడగొద్దు.

మా వదిన నిన్న మళ్లీ ఫోన్ చేసింది. రిపోర్టు అడిగితే ప్లాంటు అబ్బాయి తెల్లమొహం వేశాడట. ‘‘ఈసారి నలుగురం కలిసి వెళ్లి అడుగుతాం’’ అంది. అలా నలుగురూ అడిగితేనే పరీక్షలు ఊరి దాకా వస్తాయి.