పక్క సీట్లో మేమూ ఉన్నాం

కిందటేడు వినాయక చవితి సెలవులకి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి రాజమండ్రి వచ్చాడు. బస్సులోనో రైల్లోనో కాదు, కొత్తగా సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న స్పోర్ట్స్ కారులో. పొడుగాటి మూతి, రెండే తలుపులు. ఎనిమిది సిలిండర్లట, 400 గుర్రాల బలమట, ఆ బలమంతా వెనక చక్రాలకే వెళుతుందట. పేరెందుకు లెండి, జరిగినదాంట్లో తప్పు కారుది కాదు. మా వీధి మలుపు తిరగడానికి మూడుసార్లు ముందుకీ వెనక్కీ పోవాల్సి వచ్చింది దానికి. వీధి పిల్లలంతా చుట్టూ చేరి చేతులు వేస్తుంటే వాడి మొహం చూడాలి!

"మారేడుమిల్లి దాకా వెళ్లొద్దాం పిన్నీ, బొంగులో చికెన్ తిని వచ్చేద్దాం" అన్నాడు. మావారికి ఆఫీసు. నేనూ, పద్నాలుగేళ్ల మా అమ్మాయీ బయలుదేరాం. రంపచోడవరం దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. మారేడుమిల్లిలో తిని, ఊరికే అలా చూసొద్దామని చింతూరు ఘాట్ వైపు పోనిచ్చాడు. అక్కడ, రోడ్డు నల్లగా తడిసి మెరుస్తున్న చోట, స్టీరింగు పక్కన ఏదో మీట కాసేపు నొక్కి పట్టుకున్నాడు. ముందు అద్దం కింద పసుపుపచ్చ లైటు వెలిగింది. జారుతున్న కారు బొమ్మ, దాని కింద రెండు వంకర గీతలు, ఆఫ్ అని అక్షరాలు.

"ఇంతసేపూ కంప్యూటర్ నడిపింది పిన్నీ. ఇప్పుడు చూడు, నేను నడుపుతా" అన్నాడు.

తర్వాతి మలుపులో కారు వెనక భాగం మమ్మల్ని వదిలేసి తన దారిన తాను పోయింది. అంతకంటే ఎలా చెప్పాలో తెలీదు. నా కిటికీలోకి వెదురుపొద వచ్చింది, తర్వాత రాతిగోడ, తర్వాత మేం వచ్చిన రోడ్డే ఎదురుగా. కారు ఆగింది. ఎదురు నుంచి ఏ లారీ రాలేదు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. వెనక సీట్లో మా అమ్మాయి "అమ్మా" అని కూడా అనలేదు. వాడు ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేదు. దారిలో "ఇంట్లో చెప్పకు పిన్నీ" అన్నాడు. నేను చెప్పలేదు. (మావారికి ఈ సంగతి ఈ పేజీ చదివాకే తెలుస్తుంది.)

భయం రెండు రోజుల్లో పోయింది గానీ ఒక ప్రశ్న మిగిలింది. వాడు ఆ మీట నొక్కినప్పుడు "అదేంట్రా?" అని నేనెందుకు అడగలేదు? బీఎస్సీ చదివాను. ఘర్షణ, అపకేంద్ర బలం పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. సొంతంగా కారు నడుపుతాను. అయినా కారు ముందు భాగంలో ఉన్న మీటలంటే మగవాళ్ల వ్యవహారం అన్నట్టు ఊరుకున్నాను.

మా తమ్ముడు జర్మనీలో కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. ఫోన్లో అడిగితే అరగంట చెప్పాడు. మనం స్టీరింగు ఎంత తిప్పామో ఒక సెన్సర్ చూస్తుంది. కారు నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకోటి చూస్తుంది. నాలుగు చక్రాల వేగమూ విడివిడిగా కొలుస్తుంది. సెకనుకి 25 సార్లు ఈ లెక్కలు పోల్చుకుని, తేడా వస్తే ఒక్క చక్రానికి మాత్రం బ్రేకు వేస్తుంది, ఇంజను బలం తగ్గిస్తుంది. వెనక భాగం బయటికి జారుతుంటే మలుపుకి బయటి వైపున్న ముందు చక్రానికి. ముందు భాగం తిరగకుండా తిన్నగా పోతుంటే లోపలి వైపున్న వెనక చక్రానికి. మన కాలికి ఒకే బ్రేకు పెడల్ ఉంది, చక్రానికో బ్రేకు వెయ్యడం ఏ మొనగాడి వల్లా కాదు!

బాష్, బెంజ్ కంపెనీలు కలిసి 1995లో దీన్ని మొదట పెద్ద ఖరీదైన కార్లకి పెట్టాయి. 1997లో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు బెంజ్ వారి చిన్న కారు, ఏ-క్లాస్‌ని పరీక్షించారు. అక్కడి అడవుల్లో దుప్పిలాంటి పెద్ద జంతువు హఠాత్తుగా రోడ్డు మీదికొస్తే పక్కకి తప్పించే పరీక్ష అది. మనకైతే గేదె అనుకోండి. కారు బోల్తా కొట్టింది. దాంతో కంపెనీ ఆ చిన్న కార్లన్నిటికీ ఈ ఏర్పాటు పెట్టింది. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, ఐరోపాలో 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. ఒంటరిగా అదుపు తప్పే ప్రమాదాలు మామూలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2007లో లెక్క వేసింది. మన దేశంలో 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఇది ఉండాలి.

ఇదంతా విన్నాక మేం కారు కొన్న రోజు గుర్తొచ్చింది. షోరూమ్ అబ్బాయి మావారితో మైలేజీ గురించి మాట్లాడాడు. నాతో సీటు కవర్ల రంగు గురించీ, హ్యాండ్‌బ్యాగు తగిలించుకునే కొక్కెం గురించీ మాట్లాడాడు. తక్కువ ధర మోడల్లో ఈ ఏర్పాటు లేదని మా ఇద్దరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. పై మోడల్లో సన్‌రూఫ్ ఉందా అని మాత్రం అడిగాం!

ఈ మేలో తమ్ముడి దగ్గరికి వెళ్లాం. వాడికో పాత మాజ్డా ఎమ్మెక్స్-5 ఉంది. రెండే సీట్లు, వెనక చక్రాలే తిరుగుతాయి. "అక్కా, మాటలెందుకు, నడిపి చూడు" అని డ్రైవర్ల శిక్షణ మైదానానికి తీసుకెళ్లాడు. నేల మీద నీళ్లు పారుతుంటాయి, చుట్టూ కొట్టుకోవడానికి ఏమీ ఉండదు. శిక్షకుడు రేడియోలో చెబుతుంటాడు. స్టీరింగు ఎడమవైపు కావడంతో గేరు కోసం ఎడం చెయ్యి తలుపుని తడుముతూనే ఉంది.

మీట వేసి ఉంచి 40లో తిరిగాను. కింద గరగరమని చప్పుడు, కారు బుద్ధిగా తిరిగింది. మీట ఆపి అదే వేగంతో తిరిగితే బొంగరం. రెండోసారీ బొంగరమే. మూడోసారి వెనక భాగం జారడం నడుము దగ్గర తెలిసింది, స్టీరింగు ఎదురు తిప్పాను, నిలబడింది! నిజం చెప్పొద్దూ, భలే సరదా వేసింది. పెళ్లయ్యాక అంత గట్టిగా ఎప్పుడు అరిచానో గుర్తులేదు. ఆ తర్వాత శిక్షకుడు మీట వేయించి 60లో రమ్మన్నాడు. అది ఉండగానే కారు తిరగకుండా తిన్నగా పోయింది. టైరుకి నేల మీద పట్టు లేనప్పుడు కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది?

కాబట్టి మా అక్క కొడుకుని పూర్తిగా తప్పు పట్టను. మీట ఆపితేనే కారు ఎలా జారుతుందో తెలుస్తుందన్నది నిజం. వాడు ఎప్పుడూ చెప్పే ఫార్ములా వన్ సంగతీ నిజమే. 1994లో అక్కడ ఇలాంటి ఎలక్ట్రానిక్ సాయాలు నిషేధించారు. ట్రాక్షన్ కంట్రోల్‌ని 2001లో మళ్లీ ఒప్పుకుని, 2008లో మళ్లీ తీసేశారు. నైపుణ్యం తేలాలంటే అలాగే ఉండాలి. కానీ ఆ కార్లలో రెండో సీటు ఉండదు కదా! రోడ్డుకి అటుపక్క గడ్డిమోపుతో వచ్చే ఆవిడ కూడా ఉండదు.

2013లో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ చనిపోయింది పోర్షె కరెరా జీటీలో. ఆ మోడల్‌కి ఈ ఏర్పాటు అసలు లేదు. ప్రమాదానికి వేగమే కారణమని దర్యాప్తులో తేల్చారు, అది ఉంటే బతికేవాడని నేననను. ఆయన స్టీరింగు ముందు లేడు, పక్క సీట్లో ఉన్నాడు. ఆ ఒక్క ముక్క దగ్గర నా మనసు ఆగిపోతుంది. మన ఇళ్లలో పక్క సీటూ, వెనక సీటూ ఎక్కువగా ఎవరివో మీకు చెప్పాలా? మీట ఆపే సరదా ఒకరిది, కూర్చునే ప్రాణం ఇంకొకరిది. కనీసం అడగాలి. మైదానంలో నేను తమ్ముణ్ణి అడిగాను, "ఆపేస్తున్నాను, కూర్చుంటావా దిగుతావా?" అని. వాడు నవ్వి, బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. అడగడానికి రెండు క్షణాలు పట్టింది, అంతే.

రోడ్డు మీదైతే అడిగినా వద్దంటాను నేను. అంతగా సరదా ఉంటే డబ్బు కట్టి ట్రాక్‌కి వెళ్లమనండి. మద్రాసు దగ్గరా కోయంబత్తూరులోనూ ఉన్నాయిగా.

మొన్న దసరాకి వాడు మళ్లీ వచ్చాడు. కడియం నర్సరీల దాకా వెళ్దామన్నాడు. మా అమ్మాయి వెనక సీట్లోకి దూరుతూ, "అన్నయ్యా, ఆ పసుపు లైటు వెలిగితే నేను దిగిపోతా" అంది. వాడు నా వంక చూశాడు. "నేనూ దిగుతా" అన్నాను. కాసేపు మొహం ముడుచుకున్నాడు గానీ వెళ్లొచ్చాం, గులాబీ మొక్కలు తెచ్చుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు జల్లు పడింది. దారి పొడుగునా మా అమ్మాయి ముందు సీట్ల మధ్యలోంచి మెడ సాచి ఆ లైటు వైపే చూస్తూ కూర్చుంది.