వెనక సీటు మీద కూర్చున్నవాళ్ల సంగతేంటి?

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నూజివీడు చుట్టుపక్కల రోడ్లు తెల్లవారుజాము నుంచే రద్దీగా ఉంటాయి. బంగినపల్లి, రసాలు కోతకొచ్చే కాలం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు తోటలకు కూలీలు బయల్దేరతారు. ట్రాక్టర్లు, ట్రక్కు ఆటోలు, వాటి మధ్య బైకులు. ఆ బైకుల మీద ఒక్కరే వెళ్లడం తక్కువ. ముందు మేస్త్రీ, వెనక ఒకరో ఇద్దరో ఆడకూలీలు, ఒళ్లో అన్నం క్యారియర్లు, చేతిలో కాయలు కోసే చిక్కం కర్ర.

ఈ మూడు నెలల్లో బైకు కేసు లేకుండా మా క్యాజువాలిటీ డ్యూటీ గడవడం అరుదు. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. బండి నడిపిన మనిషి మోకాలి మీద గీతలతో పక్కన నిలబడి ఉంటాడు. స్ట్రెచర్ మీద పడుకున్నది వెనక కూర్చున్న మనిషి. ప్రతిసారీ అలాగే జరుగుతుందని కాదు. కానీ మర్చిపోలేనన్నిసార్లు చూశాను.

కొన్నేళ్ల కిందట ఒక మే నెలలో నలభై ఏళ్ల కూలీ ఒకామె వచ్చింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరితే వెనక్కి పడింది. ఎక్కడా రక్తం లేదు. తన కాళ్ల మీద తనే నడిచొచ్చింది. ‘‘నాకేం కాలేదు డాక్టరు గారూ, ఈ పూట కూలి పోతుంది, పంపించెయ్యండి’’ అంది. తల వెనక చిన్న బొప్పి కనపడితే బలవంతంగా ఆపాం. గంటన్నర గడిచేసరికి రెండుసార్లు వాంతి అయింది, మగత కమ్మింది. పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య రక్తం చేరుతోందని అనుమానించి విజయవాడ పంపించాం. స్కానింగులో అదే తేలింది. ఆపరేషన్ చేశారు, బతికింది. ఆ పొద్దున ఆమె మాట విని పంపించి ఉంటే ఏ మామిడి చెట్టు కిందో ‘కాసేపు పడుకుంటా’నని పడుకునేది. మళ్లీ లేచేది కాదు.

ఒక్కరికీ ఇద్దరికీ తేడా

హ్యాండిల్ పట్టుకున్న మనిషికి గుంత ముందే కనిపిస్తుంది. తెలియకుండానే ఒళ్లు బిగుస్తుంది, చేతులు గట్టిగా పట్టుకుంటాయి. వెనకున్న మనిషికి కనిపించేది ముందున్నవారి వీపు మాత్రమే. గుంత వచ్చినట్టు ఒళ్లు ఎగిరాకే తెలుస్తుంది. పైగా మన ఆడవాళ్లు చాలామంది ఒకవైపుకి తిరిగి కూర్చుంటారు. రెండు కాళ్లూ ఒకే పక్క, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పిల్లాడు. పట్టుకోవడానికి చెయ్యే మిగలదు. పడితే నడుమో, తుంటి ఎముకో, తల వెనక భాగమో నేరుగా రోడ్డుకు తగులుతుంది.

బండి తీరు కూడా మారిపోతుంది. మనం ఎక్కువగా వాడే 100 సీసీ బండి బరువు సుమారు 110 కిలోలు. దాని మీద అరవై డెబ్భై కిలోల మనిషి వెనక ఎక్కితే భారం వెనక్కి, పైకి జరుగుతుంది. ముందు చక్రం తేలికవుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. ఒక్కరే ఉన్నప్పుడు ఆగిన చోట ఇద్దరుంటే ఆగకపోవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అదే 60కి పెంచితే గుద్దుకునే శక్తి రెట్టింపు దాటుతుంది. ఒక్కరిగా వెళ్లిన వేగంతోనే ఇద్దరుగా వెళ్లడం మనం చేసే మొదటి తప్పు.

అలాగని ఒంటరి ప్రయాణం భద్రమనీ అనను. ఒక్కడే ఉన్నప్పుడు వేగం పెరుగుతుంది. ఫోను మోగితే తనే తీస్తాడు. రాత్రి తోట కాపలా ముగించుకుని వస్తూ కునికితే తట్టి లేపేవాళ్లుండరు. కాలవలో పడితే తెల్లారేదాకా ఎవరూ చూడకపోవచ్చు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు షుగర్ పడిపోయినా, మూర్ఛ ఉన్నవాళ్లకు ఫిట్స్ వచ్చినా అంతే. అయితే ఒక తేడా ఉంది. ఒంటరిగా వెళ్లేవాడు ఎంత వేగంగా వెళ్లాలో, ఎక్కడ ఆగాలో తనే తేల్చుకుంటాడు. వెనక కూర్చున్న మనిషికి ఆ అవకాశమే లేదు.

నేను చేసిన తప్పు

ఈ మాటలు చెప్పే అర్హత నాకు మొదటి నుంచీ లేదు. మా అమ్మను చాలాకాలం అలాగే తిప్పాను. నా తలకు హెల్మెట్, ఆమె తలకు చీర కొంగు. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచీ ఆమె రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. అలాంటివాళ్లకు తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం అయ్యే ముప్పు ఎక్కువని నా రోగులకు రోజూ చెబుతూనే ఉన్నాను. ఒకరోజు మలుపులో జారిపడి ఆమె మణికట్టు విరిగింది. చుట్టాలు అడిగితే ‘‘నేనే సరిగ్గా కూర్చోలేదు’’ అని చెప్పింది. తప్పు నాది. ఆ వారమే రెండో హెల్మెట్ కొన్నాను. ముందే కొనకపోవడానికి డబ్బు లేక కాదు, ఆ ఆలోచన రాలేదు.

నా ఓపీకి బీపీ, షుగర్ చూపించుకోవడానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది కొడుకు బండి వెనకో, మనవడి బండి వెనకో కూర్చుని వచ్చేవాళ్లే. ఎముకలు గుల్లబారిన వయసు. వాళ్ల తల మీద హెల్మెట్ కనిపించడం అరుదు.

లెక్కలు, చట్టం

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ 50,029 మంది చనిపోయారు. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు. హెల్మెట్ పెట్టుకుంటే చనిపోయే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని 2008లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష తేల్చింది.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం వెనక ఒక్కరినే ఎక్కించుకోవాలి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ముందున్నా వెనకున్నా, హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లలోపు పిల్లలకు వాళ్ల సైజు హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే కడ్డీ, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, చీర చక్రంలో పడకుండా గార్డు ఉండాలని నిబంధనలున్నాయి. బండి అందం పోతుందని ఆ గార్డును ఊడదీయించే కుర్రాళ్లను చూస్తూనే ఉన్నాం. చక్రంలో చిక్కుకున్న చున్నీ మెడకు బిగిస్తే ఎలా ఉంటుందో వాళ్లు చూసి ఉండరు.

జరిమానాలతోనే ఇది మారుతుందని నేను అనుకోను. రోజు కూలికి వెళ్లే మనిషిని హెల్మెట్ కొనుక్కోమనడం తేలిక. పూత మీదే తోటను లక్షలకు కొనే వ్యాపారి, కోత కూలీల కోసం సరైన బండి ఏర్పాటు చేయాలి. అది కుదరకపోతే నాలుగు హెల్మెట్లయినా కొని మేస్త్రీ చేతిలో పెట్టాలి. ముచ్చిక విరిగితే సొన కారి కాయ మచ్చపడుతుందని ఎంతో జాగ్రత్తగా కోయిస్తాం. ట్రేలో కాగితం పరిచి మరీ సర్దిస్తాం. ఆ కాయ కోసే మనిషిని తోటకు చేర్చడంలో అందులో సగం జాగ్రత్త చాలు.

వెనక ఒకరిని ఎక్కించుకునే ముందు

* ఐఎస్ఐ మార్కున్న రెండో హెల్మెట్ ఉందా? గడ్డం కింద పట్టీ బిగించారా?
* వెనక టైరులో ఇద్దరికి సరిపడా గాలి ఉందా? ఒక్కరికి ఎంతో, ఇద్దరికి ఎంతో బండి పుస్తకంలో చూడండి.
* కొంగు, చున్నీ నడుముకు చుట్టి దోపుకున్నారా?
* వీలైతే రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. సంచి చేతిలో వద్దు, ఒక చెయ్యి కడ్డీ మీదే ఉండాలి.
* గుంత, స్పీడ్ బ్రేకర్ వస్తే ముందున్నవారు నోటితో చెప్పాలి. ‘‘వస్తోంది, పట్టుకో’’ అంటే చాలు.

పడితే ఏం చేయాలి?

పడిన మనిషిని లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించకండి. ఇద్దరి మధ్య బైకు మీద కూర్చోబెట్టి తీసుకురాకండి. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ప్రయాణంలోనే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. 108కి ఫోన్ చేయండి. మామూలుగానే కనిపించినా కనీసం 24 గంటలు కనిపెట్టుకుని ఉండండి. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తడబడే మాట, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం లేదా నీరు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లను ఏ లక్షణమూ లేకపోయినా తీసుకురండి. ఖర్చుకు భయపడి ఆగొద్దు. 2025లో కేంద్రం తెచ్చిన పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందుతుంది. తీసుకొచ్చినవాళ్లు కేసులకు భయపడాల్సిన పని లేకుండా చట్టం రక్షణ ఇస్తోంది.

‘రా, ఎక్కు’ అనడం మన ఊళ్లలో మర్యాద. నడిచి వెళ్తున్న ముసలాయనను చూసి బండి ఆపని మనిషి ఉండడు. ఆ మంచితనం మానుకోమనడం లేదు. అలా ఎక్కించుకున్న క్షణం నుంచి ఆ మనిషి ప్రాణానికి పూచీ మీదే. ఇంట్లో హెల్మెట్ ఒక్కటే ఉంటే, ఈ వారం ఇంకోటి కొనండి.