అందరూ వచ్చారా?

సాయంత్రం నాలుగు దాటాక చాపెల్ రోడ్డులో కాసేపు నిలబడితే చాలు, పొద్దుటి నుంచీ మోసిన విసుగు సగం దిగిపోతుంది. స్టాన్లీ కాలేజీ అమ్మాయిలు గుంపులు గుంపులుగా బయటికొస్తుంటారు. కొందరు నాంపల్లి మెట్రో వైపు, కొందరు అబిడ్స్ బస్టాపు వైపు. ఇటు చిరాగ్ అలీ లేన్‌లోంచి ఇంటర్ పిల్లలు, అటు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నుంచి వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అమ్మాయిలు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు, ఎవరూ వినరు.

ప్రతి గుంపులోనూ ఒక పిల్ల ఉంటుంది. రోడ్డు దాటగానే వెనక్కి తిరిగి చూస్తుంది. ‘అదేదే, ఇంకా రాలేదు?’ అంటుంది. జిరాక్సు షాపు దగ్గర చిక్కుకుపోయిన ‘అది’ పరుగెత్తుకొచ్చేదాకా మిగతావాళ్లు తిట్టుకుంటూనే ఆగుతారు. బస్సు పోతే పోయింది. ఇంకోటి వస్తుంది.

కాలేజీలో ఉన్నన్నాళ్లూ అటెండెన్స్ అంటే మనకు మంట. 75 శాతం లేకపోతే హాల్‌టికెట్ రాదని బెదిరింపు, కండొనేషన్ ఫీజు భయం, వెనక బెంచీ నుంచి గొంతు మార్చి పలికే ప్రాక్సీలు. రోజుకు ఆరేడుసార్లు మన నంబరు పిలిచి ఉన్నామో లేమో కనుక్కునేవాళ్లు. చదువైపోయాక తెలిసొస్తుంది, ఇక అలా పిలిచేవాళ్లు లేరని. ఆఫీసులో వేలిముద్ర పెట్టే మిషన్ ఉంటుంది కానీ, మనం రాలేదని దానికి దిగులుండదు. అపార్టుమెంటులో పక్క వాటా తలుపు నాలుగు రోజులుగా తాళం వేసి ఉంటే, ఊరెళ్లారేమో అనుకుని ఊరుకుంటాం.

దేశమంతా ఉలిక్కిపడే ఘోరం జరిగిన రోజున ఆ అటెండెన్స్ విలువ తెలుస్తుంది.

2007 ఆగస్టు 25, శనివారం. ముందు రోజే వరలక్ష్మీ వ్రతం. మంగళవారం రాఖీ. కోఠి, సుల్తాన్‌బజార్‌లలో కాలు పెట్టే సందుండని రోజులవి. రాత్రి ఎనిమిది కావస్తుండగా, కొద్ది నిమిషాల తేడాలో రెండు బాంబులు పేలాయి. ఒకటి హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కులో, లేజర్ షోకి వచ్చిన జనం మధ్య. రెండోది కోఠిలో గోకుల్ చాట్ దగ్గర. 40 మందికి పైగా పోయారు. అబిడ్స్, నాంపల్లి ఈ రెండు చోట్లకూ నడుమ ఉన్న పేటలు. ఇటు నడిస్తే కాసేపట్లో కోఠి, అటు పబ్లిక్ గార్డెన్స్, అసెంబ్లీ దాటితే లుంబినీ.

గోకుల్ చాట్ అంటే విద్యార్థుల అడ్డా. చుట్టుపక్కల ఉమెన్స్ కాలేజీ, ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఆ పక్క సందుల్లో పాత పుస్తకాల షాపులు. సగం ధరకి ఇంజినీరింగ్ పుస్తకం బేరమాడి, మిగుల్చుకున్న పదీ ఇరవైతో నలుగురూ కలిసి కట్లెటో పానీపూరీయో తినిపోవడం ఈ నగరంలో ఎన్ని బ్యాచ్‌లకు అలవాటో. అందుకే ఆ రాత్రి ఏ హాస్టల్లో విన్నా ఒకటే ప్రశ్న. ఎవరెవరు బయటికెళ్లారు? ఎవరింకా రాలేదు? ఫోన్లు కలవవు. కలిసినా అవతల ఎత్తరు. గేటు దగ్గర చెప్పుల చప్పుడైతే చాలు, అందరి తలలూ అటే. ఆలస్యంగా వచ్చినవాణ్ణి చూసి ప్రాణం కుదుటపడి, ఆ వెంటనే ‘ఎక్కడ చచ్చావురా’ అని నాలుగు తిట్టిన వార్డెన్లు ఎంతమందో!

లుంబినీ పార్కులో పోయినవాళ్లలో ఏడుగురు మన ఊరివాళ్లు కారు. మహారాష్ట్రలో సంగమ్‌నేర్ అనే పట్నం నుంచి, అమృతవాహిని ఇంజినీరింగ్ కాలేజీ నుంచి స్టడీ టూర్‌కి వచ్చిన పిల్లలు. పగలంతా తిరిగి, సాయంత్రం సరదాగా లేజర్ షో చూద్దామని వచ్చుంటారు. హైదరాబాద్ వచ్చిన ఏ టూరిస్టు బస్సయినా చేసేది అదే.

టూర్‌కి తీసుకెళ్లే లెక్చరర్ల పని తెలిసినవాళ్లకు ఈ మాట వేరుగా చెప్పక్కర్లేదు. బస్సు ఎక్కిన ప్రతిసారీ వెనక సీటు నుంచి ముందుదాకా వేలితో తలలు లెక్కపెట్టడం, ఒకటి తగ్గితే మళ్లీ మొదలుపెట్టడం, ‘అరే, కదలకుండా కూర్చోండ్రా’ అని కసురుకోవడం. ఆ రాత్రి ఊరుకాని ఊరిలో, భాష సరిగా రాని ఆసుపత్రుల్లో, ఆ లెక్క ఎవరు ఎలా పూర్తి చేశారో! వాళ్ల ఊరికి ఫోన్ చేసి, ఏడుసార్లు ఏడు ఇళ్లకు, ఏం చెప్పి ఉంటారో. ఆ దుఃఖంలోకి మనం తొంగిచూడకపోవడమే మర్యాద.

తిరిగెళ్లిన బస్సు గురించి మాత్రం ఆలోచన ఆగదు. ఖాళీ సీట్ల పక్కన కూర్చుని వెళ్లినవాళ్లు, మళ్లీ క్లాసులో ఖాళీ బెంచీల పక్కనే కూర్చోవాలి. పోయినవారి ఇళ్లకు దేశం పరామర్శ పంపుతుంది. గాయపడ్డవారికి డాక్టర్లుంటారు. ఒంటి మీద గీత కూడా పడకుండా వచ్చినవాడి సంగతి? వాడిది బయటికి చెప్పుకోలేని బాధ. ‘నేనెందుకు మిగిలాను’ అని ఎవర్ని అడుగుతాడు? ఇంట్లో అడిగితే అమ్మ నోరు నొక్కుతుంది, అపశకునం మాటలు మాట్లాడొద్దని. అడగకుండానే అర్థమయ్యేది ఆ బస్సులో పక్కన కూర్చున్నవాడికే.

ఆ ఏడాది ఇక్కడ కొందరు పిల్లలు ఇంకో బరువు కూడా మోశారు. మే 18న మక్కా మసీదులో, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. మూడు నెలలకు ఈ జంట పేలుళ్లు. నాంపల్లి, మల్లేపల్లి, పాతబస్తీ నుంచి కాలేజీకి వచ్చే ముస్లిం కుర్రాళ్లు ఒకవైపు తమవాళ్లను పోగొట్టుకుని, మరోవైపు తమవైపే చూసే చూపుల్ని తట్టుకోవాల్సి వచ్చింది. బస్సులో పేరు చెప్పడానికే జంకిన రోజులు. అలాంటప్పుడు సోమవారం పొద్దున క్లాసుకొచ్చి ఎప్పటిలాగే పక్కన కూలబడి, ‘రికార్డ్ రాశావా, ఇటివ్వు’ అని లాక్కున్న స్నేహితుడు చేసిన మేలు ఇంతా అంతా కాదు. వాడికి తాను మేలు చేస్తున్నానని కూడా తెలిసి ఉండదు. వాడి రికార్డు పూర్తి కాలేదు, అంతే.

ఇలాంటప్పుడు కాలేజీల్లో జరిగే సంతాపసభ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఎండలో వరసలు, సరిగా పనిచేయని మైకు, ప్రిన్సిపల్ గారి నాలుగు మాటలు, రెండు నిమిషాల మౌనం. ఆ రెండు నిమిషాల్లో ఎవరి సెల్‌ఫోనో మోగుతుంది. వెనక వరసలో ఎవరికో నవ్వొస్తుంది. లెక్చరరు గుడ్లురుముతారు. కానీ ఆ వయసులో గుబులు కూడా ఒక్కోసారి నవ్వులానే బయటపడుతుంది. నవ్విన ఆ పిల్లే సాయంత్రం హాస్టల్ గదిలో దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తుంది. సభ అనవసరమనలేం. అందరం ఒకచోట నిలబడ్డామన్న ధైర్యం దానివల్లే వస్తుంది. అసలు సాయం మాత్రం మైకు కట్టేశాక, మెట్ల మీద, క్యాంటీన్లో మొదలవుతుంది.

ఊరికే కూర్చోలేకపోవడం ఆ వయసు లక్షణం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, కాలేజీ కుర్రాళ్లు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని వీధి వీధీ తిరిగారు. బియ్యం, పాత చీరలు, చిల్లర డబ్బులు, ఏది వేస్తే అది. ఆ తరం వాళ్లని కదిపితే ఇప్పటికీ ఆ దుప్పటి బరువు గురించి చెబుతారు. ఈనాటి పిల్లలు రక్తం కావాలంటూ ఫోన్లో మెసేజ్ పెట్టి, తామే మొదట వెళ్లి చేయి చాపుతారు. ఏదో ఒకటి చేస్తే గాని కాలు నిలవదు. ఆ చేయడంలో సగం ఎదుటివారి కోసం, సగం తమ కోసం. అందులో తప్పేముంది?

కష్టం వచ్చిన ఇంటికి వెళ్లే పద్ధతులు పెద్దవాళ్లం మనకు తెలుసు. ఏ రోజు వెళ్లాలి, ఏ వేళకు వెళ్లకూడదు, వచ్చేప్పుడు ‘వెళ్లొస్తాం’ అనకూడదు, ఇలా వంద. నాంపల్లి ఇళ్లలో ‘పుర్సా’ ఇచ్చే తీరొకటి, గన్‌ఫౌండ్రీ చర్చి వాళ్ల తీరొకటి, మన దినాలు, కర్మలు ఒక తీరు. ఇరవై ఏళ్ల పిల్లలకు ఇవేవీ తెలియవు. పదిమంది ఒకేసారి దిగబడతారు. చెప్పుల గుట్ట గుమ్మానికి అడ్డం పడుతుంది. ఏం మాట్లాడాలో తెలియక గోడకి ఆనుకుని వరసగా కూర్చుంటారు. చివరికి ఒకడు లేచి, ‘తిన్నవా?’ అని అడుగుతాడు. ఆ ఇంట్లో పొద్దుటి నుంచీ అందరూ అన్నీ చెప్పారు గానీ, ఆ మాట అడిగినవాళ్లు లేరు. పద్ధతి తెలియకపోవడం కూడా ఒక్కోసారి మంచిదే అనిపిస్తుంది.

సంగమ్‌నేర్ పిల్లలు మన ఊరికొచ్చి పోయారు. ఏడేళ్లకు మన పిల్లలు వేరే ఊరి నీళ్లలో పోయారు. 2014 జూన్ 8, ఆదివారం. తెలంగాణ రాష్ట్రం వచ్చి ఆరు రోజులైంది. ఆ సాయంత్రం గుంటూరు దగ్గర కొత్త ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారం టీవీలన్నీ చూపిస్తున్నాయి. ఆ సందడి మధ్యకే హిమాచల్ నుంచి వార్త వచ్చింది. బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి కాలేజీ రెండో ఏడాది విద్యార్థులు మండి జిల్లాలో బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు దిగుతుండగా, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా ముంచెత్తాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ల వెంట వెళ్లిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు.

వారాల తరబడి వెతికారు. ఇక్కడి నుంచి వెళ్లిన తల్లిదండ్రులు ఆ ఒడ్డునే, ఆ చలినీళ్ల హోరు వింటూ కాచుకున్నారు. ఒడ్డున మిగిలిన పిల్లలు విమానంలో తిరిగొచ్చారు. వాళ్లు మూడో ఏడాది క్లాసులో మళ్లీ అడుగుపెట్టిన మొదటి రోజు ఎలా గడిచిందో ఊహించడానికే మనసొప్పదు. రోల్ నంబర్లు వరసగా పిలుస్తూ వచ్చే గొంతు, మధ్యలో ఒక నంబరు దగ్గరకు రాగానే ఏం చేస్తుంది? దాటేస్తే తప్పనిపిస్తుంది. పిలిస్తే ఇంకా తప్పు. ఆ ఒక్క క్షణాన్ని రోజుకు ఆరేడుసార్లు దాటాలి, చదువు అయిపోయేదాకా. ఉపాధ్యాయ శిక్షణలో దీనికి పాఠం లేదు. ఎవరి మనసుకు తోచినట్టు వాళ్లు నెట్టుకురావడమే.

కాలేజీ జ్ఞాపకశక్తి కూడా చిత్రమైంది. నాలుగేళ్లకోసారి మొత్తం జనం మారిపోతారు. ఘోరం చూసిన ఆఖరి బ్యాచ్ సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లిపోయాక, కొత్తగా చేరినవాళ్లకు అది సీనియర్లు చెప్పే కథ. ఆ తర్వాత కథ కూడా కాదు. మిగిలేది ల్యాబ్ అటెండరు, లైబ్రరీలో కార్డులు చూసే మేడమ్, క్యాంటీన్లో టీ పోసే పెద్దమనిషి. ఏ బెంచీలో ఎవరు కూర్చునేవాళ్లో, ఎవరి టీలో చక్కెర తక్కువో వాళ్లకే గుర్తుంటుంది. సభల్లో వాళ్లని ఎవరూ మాట్లాడమని అడగరు. ఎప్పుడైనా పాత విద్యార్థి ఒకడు వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటే, వాళ్లంతట వాళ్లే ఆ పేరెత్తుతారు. ఆ పాత విద్యార్థి బహుశా దానికోసమే వచ్చుంటాడు.

2007లో ఇరవై ఏళ్ల వాళ్లకు ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది. ఉద్యోగాలు, ఈఎంఐలు, పిల్లల స్కూలు ఫీజులు. స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాళ్లలో కొందరు ఆ ఇంటికి వెళ్లడం మానలేదు. దసరాకో ఫోను, ఊరెళ్తే ఒక పూట. వెళ్లేముందు ప్రతిసారీ అదే తటపటాయింపు. ప్రమోషన్ సంగతి చెప్పొచ్చా? కూతురు పుట్టిందని చెబితే ఆ తల్లి ఏమవుతుంది? మిఠాయి డబ్బా తీసుకెళ్లాలా, వద్దా? చెప్పకపోతే పరాయివాళ్లను చేసినట్టు, చెబితే పుండు కెలికినట్టు.

ఆ తల్లులకు మాత్రం అన్నీ కావాలి. ఎవరెక్కడ స్థిరపడ్డారు, ఎవరికి పెళ్లయింది, ఆ పొడుగుపిల్ల అమెరికా నుంచి వచ్చిందా, అప్పట్లో ఎప్పుడూ సప్లీలు రాసేవాడు ఏం చేస్తున్నాడు? ఒక్కొక్కరి పేరూ అడిగి, జవాబు వచ్చేదాకా వదలరు. ఆ క్లాసు మొత్తానికి ఇప్పుడు హాజరు తీసుకునేది ఆ తల్లే. తెలిసిన ఒక ఇంట్లో, భయపడుతూ భయపడుతూ కూతురు ఫొటో చూపించినవాడితో ఆ తల్లి కళ్లు ఒత్తుకుని అన్నదట, ‘ఫోన్ల జూపిస్తే అయితదా బిడ్డా? వచ్చే ఐతారం తోల్కరా. పెండ్లానికి జెప్పు, ఆంటీ దగ్గర్నే తింటరని.’