వెలుతురులో జరిగిన నేరం: ‘టచ్ ఆఫ్ ఈవిల్’ చిత్రంలో దృశ్యశైలి, నైతిక పతనం

తెలుగు సినిమా సమీక్షకు ఒక పాత అలవాటు ఉంది. కథను, నటనను తూకం వేసిన తరువాత, చివరి పేరాలో ‘సాంకేతిక విలువలు’ అనే పద్దు తెరిచి, ఛాయాగ్రహణం బాగుందనో, కూర్పు మరింత పదునుగా ఉండవలసిందనో రెండు ముక్కలు రాసి ముగిస్తుంది. నేరకథాచిత్రాల దగ్గర దీనికి మరొక సూత్రం తోడైంది: తెర ఎంత నల్లగా ఉంటే పాత్రల మనసు అంత నల్లనిదని. మొదటి పద్ధతి శైలిని నగగా చూస్తుంది; రెండవది దానిని నిఘంటువుగా చూస్తుంది. నీడల చిత్రంగానే ప్రసిద్ధికెక్కిన ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) ముందు ఈ రెండూ నిలవవు.

అమెరికా–మెక్సికో సరిహద్దు పట్టణంలో కారులో పెట్టిన బాంబు పేలి ఒక ధనికుడు, అతని వెంట ఉన్న యువతి మరణిస్తారు. అమెరికా పోలీసు అధికారి క్విన్లన్ దర్యాప్తు చేపడతాడు. ఈ పాత్రను వెల్సే ధరించాడు. మెక్సికో అధికారి వర్గాస్ ఆ దర్యాప్తును గమనిస్తుంటాడు. (ఆ పాత్రకు చార్ల్‌టన్ హెస్టన్ ముఖానికి గోధుమరంగు పూయడం చిత్రానికి ఏ శైలీ కప్పిపుచ్చలేని మచ్చ.) క్విన్లన్ లంచగొండి కాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగం అతనికి మిగిల్చింది టర్కీ కోళ్లను పెంచే చిన్న క్షేత్రం మాత్రమే. ఒకప్పుడు అతని భార్యను గొంతు నులిమి చంపినవాడు శిక్ష తప్పించుకున్నాడు. ఆ తరువాత మరెవ్వడూ తప్పించుకోకుండా క్విన్లన్ సాక్ష్యాలను తానే సృష్టిస్తూ వచ్చాడు. నైతిక పతనమంటే డబ్బు చేతులు మారడమే అనుకునేవారికి ఇతడు కొరకరాని కొయ్య.

చిత్రానికి ప్రాణం సాంచెజ్ అనే యువకుని ఇంట్లో జరిగే విచారణ. అది పగటిపూట, మామూలు వెలుతురులో, ఇరుకు గదుల మధ్య సాగుతుంది. కెమెరా కోత లేకుండా నిమిషాల తరబడి మనుషుల వెంట గది నుంచి గదికి కదులుతుంది. చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్లిన వర్గాస్ చేయి తగిలి ఒక చెప్పుల పెట్టె కింద పడుతుంది. అందులో ఏమీ లేదు. కొంతసేపటికి వర్గాస్ భార్యకు ఫోను చేయడానికి ఎదుటి దుకాణానికి వెళతాడు. కెమెరా కూడా అతనితోనే బయటికి వస్తుంది. ఆ దుకాణాన్ని నడిపే స్త్రీ అంధురాలు. తిరిగి వచ్చేసరికి అదే పెట్టెలో రెండు డైనమైటు కడ్డీలు ‘దొరుకుతాయి’.

సాక్ష్యాన్ని పెట్టడం తెరమీద ఎక్కడా లేదు. నీడ లేదు, వంకర కోణపు హెచ్చరిక లేదు. పెట్టె ఖాళీదన్న ఎరుక ప్రేక్షకునికి కలిగింది ఆ పెట్టె పడినప్పుడు తానూ ఆ గదిలో ఉండడం వల్లనే. కోత లేని చిత్రీకరణ అతణ్ణి న్యాయస్థానంలో నిలబెట్టదగిన సాక్షిని చేసింది. ఈ శైలిని తీసివేస్తే నేరం మిగలదు, ఆరోపణ మాత్రమే మిగులుతుంది. దీనిని ‘సాంకేతిక విలువ’ అని ఏ పద్దులో రాయగలరు? వామనుడు రీతిని కావ్యాత్మగా నిలిపినందుకు తరువాతి ఆలంకారికులు ఆక్షేపించారు; ఈ దృశ్యం ముందు ఆయన వాదం మళ్లీ వినదగినదిగా తోస్తుంది.

నీడలు దట్టంగా పరుచుకున్న హత్యాసన్నివేశం కూడా చిత్రంలో ఉంది. హోటలు గదిలో, కిటికీ బయటి దీపం వెలిగి ఆరుతుండగా క్విన్లన్ గ్రాండీని గొంతు బిగించి చంపుతాడు. కెమెరామన్ రస్సెల్ మెటీ పనితనానికి అది మంచి నిదర్శనమే. అయితే అప్పటికి పతనం పూర్తయింది. ఆ చీకటి దాని పర్యవసానం.

కెమెరా కోణాల మాటా అంతే. క్విన్లన్‌ను తరచు కింది నుంచి, పైకప్పు నెత్తిమీదికి దిగినట్లుగా చూపుతారు. తెలుగు పోలీసు చిత్రాలు కథానాయకుని ఎత్తును పెంచడానికి వాడేదీ ఆ కోణమే. ఒకచోట అది ఊబకాయాన్ని, ఊపిరాడనితనాన్ని చూపుతుంది, మరొకచోట ఈలలు వేయిస్తుంది. కోణానికి స్వతహాగా నీతి లేదు. క్షేమేంద్రుడు ఔచిత్యమన్నది ఇటువంటి చోటనే పనికివస్తుంది.

శైలిని నగగా చూసే దృష్టి మన సమీక్షకులది మాత్రమే కాదు. యూనివర్సల్ సంస్థ చిత్రాన్ని వెల్స్ చేతినుంచి తీసుకుని మార్చింది. మూడు నిమిషాలకు పైబడిన తొలి షాటుమీద నటుల, సాంకేతికుల పేర్లు పరచి, హెన్రీ మాన్సినీ సంగీతం నింపింది. బాంబున్న కారును కంటితో వెంబడించవలసిన ప్రేక్షకుడు పేర్లు చదువుతూ కూర్చున్నాడు. వెల్స్ 58 పుటల లేఖలో అభ్యంతరాలు తెలిపాడు. దాని ఆధారంగా వాల్టర్ మర్చ్ 1998లో కూర్చిన ప్రతిలో పేర్లు తొలగాయి. వీధిలోని రేడియోల, దుకాణాల ధ్వనులు వినిపించాయి.

ముగింపు ఘట్టంలో వర్గాస్ రికార్డరు పట్టుకుని, చీకట్లో మురికినీటిలో నడుస్తూ, క్విన్లన్ మాటలను చాటుగా వింటాడు. వంతెన కింద ఆ యంత్రపు ప్రతిధ్వనే అతణ్ణి పట్టిస్తుంది. చివరికి క్విన్లన్ అదే నీటిలో పడి మరణిస్తాడు. సాంచెజ్ నేరం ఒప్పుకున్నాడన్న వార్త అప్పుడు తెలుస్తుంది. క్విన్లన్ ఊహ సరైనదే. ఎన్‌కౌంటరును న్యాయంగా చూపే చిత్రాలు మొదటి నుంచి ఆధారపడేది ఇటువంటి నిశ్చయం మీదనే: దుండగుడు దోషి అని ప్రేక్షకునికి ముందే తెలిసి ఉంటుంది, ఆ తరువాత పోలీసు ఏం చేసినా చప్పట్లే. వెల్స్ ఆ నిశ్చయాన్ని ఆఖరి నిమిషాల దాకా దాచిపెట్టి, అప్పుడు చేతిలో పెడతాడు. అప్పటికే ప్రేక్షకుడు ఆ పెట్టెను ఖాళీగా చూసి ఉన్నాడు.