బిళ్ళ మానలేకపోవడం పిరికితనం కాదు

పోస్టు కొంచెం పొడుగైంది. దసరా సెలవులకి ఊరెళ్ళే ముందు ఓపిగ్గా చదవండి.

ఇటుకల పండగకి ముందు మన గ్రూపులో ఒక మాట బాగా తిరిగింది. "టెన్షన్ బిళ్ళలు మానాలంటే మనసు గట్టిగా ఉండాలి, అంతే. ఫలానా అన్న మానలేదా? స్ట్రిప్పు వాగులో పారేయండి." దాని కింద చప్పట్లు, లైకులు. మాలోనూ కొందరం లైక్ కొట్టాం. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

విశాఖలో కోచింగ్ కోసం ఒకే గదిలో ఉన్న ఇద్దరు మనోళ్ళ సంగతి. ఇద్దరూ సరేనన్నాకే రాస్తున్నాం, పేర్లు, ఊర్లు అడక్కండి. ఆ "మానేసిన అన్న" వాడింది క్లోనజిపాం. రాత్రికి అర మిల్లీగ్రాము, ఆరు వారాలు. డాక్టరే రాశారు, డాక్టరే తగ్గించుకుంటూ ఆపించారు. నాలుగైదు రాత్రులు నిద్ర సరిగ్గా పట్టలేదంట, అంతే.

రెండోవాడు మన తమ్ముడు. వాడు వాడింది అల్ప్రజోలం. మొదట రూమ్మేటు దగ్గర ఒకటి తీసుకున్నాడు, తర్వాత మెడికల్ షాపులో చీటీ లేకుండానే దొరికింది. రాత్రికి పావు మిల్లీగ్రాముతో మొదలైంది, పది నెలలు తిరిగేసరికి అర చొప్పున రోజుకి మూడుసార్లు. పండక్కి ఊరెళ్ళి, గ్రూపులో ఆ మాట చదివి, నిజంగానే స్ట్రిప్పు వాగులో పారేశాడు. రెండు రోజులు చెమటలు, వణుకు, వెలుతురు చూస్తే కళ్ళు మంట, కునుకు లేదు. మూడోరోజు పొద్దున ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని ఇంట్లో గురువుని పిలిచారు. వాళ్ళని తప్పుపట్టం. మూర్ఛ కళ్ళముందు చూసినవాళ్ళు తెలిసిన మనిషినే కదా పిలుస్తారు. చివరికి డోలీ కట్టి రోడ్డు దాకా మోసి, అక్కణ్ణుంచి అంబులెన్స్‌లో ఆసుపత్రికి చేర్చారు. వాళ్ళ వదిన ప్యాంటు జేబులో ఖాళీ స్ట్రిప్పు చూసి డాక్టరుకి చూపించబట్టి సంగతి తేలింది.

ఒకే గది, ఒకే మెస్సు భోజనం, ఒకే పరీక్ష భయం. మరి ఇద్దరికీ ఇంత తేడా ఎందుకు?

పాడేరు ఘాట్ దిగే బస్సుని తలుచుకోండి. మెదడుకి సొంత బ్రేకు ఒకటుంది, గాబా అనే రసాయనం. ఈ బిళ్ళలు ఆ బ్రేకుని ఇంకా గట్టిగా తొక్కుతాయి. రోజూ పక్కనుంచి ఇంకొకరు తొక్కుతుంటే డ్రైవరు తన కాలు వదులు చేసుకుంటాడు. మెదడూ అంతే, నెలల తరబడి వాడితే తన బ్రేకుని తనే తగ్గించుకుంటుంది. పక్కవాడు ఒక్కసారిగా కాలు తీసేస్తే బస్సు ఏమవుద్ది? వణుకు, భయం, నిద్ర లేకపోవడం, ఫిట్స్ అన్నీ అక్కణ్ణుంచే. ఇందులో పౌరుషం ఎక్కడుంది?

ఆ కాలు తీసే వేగం మందుని బట్టి మారుతుంది. అల్ప్రజోలం రక్తంలో సగానికి పడిపోవడానికి సుమారు 11 గంటలు చాలు. క్లోనజిపాంకి 30 నుంచి 40 గంటలు పడుతుంది. అందుకే అల్ప్రజోలం వాడేవాళ్ళలో కొందరికి తర్వాతి బిళ్ళ టైము రాకముందే గుండె దడ మొదలవుతుంది. జబ్బు ముదిరిందనుకుని ఇంకోటి వేస్తారు. తమ్ముడు రోజుకి మూడు బిళ్ళలదాకా వెళ్ళింది ఇలాగే. డోసు ఎక్కువైనా, నెలలు ఎక్కువైనా, ఆపింది అకస్మాత్తుగా అయినా బాధ పెరుగుద్ది. తమ్ముడికి మూడూ కలిశాయి.

మందు కూడా పనిచేసేది ఇంచుమించు అదే బ్రేకు మీద. బిళ్ళా, సారా రెండూ అలవాటై రెండూ ఒకేసారి మానితే ప్రమాదం ఇంకా ఎక్కువ. రెండూ కలిపి తీసుకుంటే ఊపిరే ఆగొచ్చు, అది వేరే ప్రమాదం.

మన ఏజెన్సీవాళ్ళు తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటుంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రం ఎర్రగా వచ్చేది దానివల్లే. అది కాలేయాన్ని తొందరపెట్టి అల్ప్రజోలం లాంటివాటిని త్వరగా ఖాళీ చేయిస్తుంది. అంటే ఒక్క బిళ్ళ కూడా మానకుండానే మానినవాడి బాధలు రావొచ్చు. అలాగని టీబీ మందు ఆపకూడదు. టీబీ మందు ఇచ్చే డాక్టరుకి ఈ బిళ్ళ సంగతి సిగ్గుపడకుండా చెప్పాలి.

ఇంకా "మనసు గట్టిదనమే" అనేవాళ్ళకి 2015 గుర్తుచేస్తాం. తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వందల్లో ఆసుపత్రుల పాలయ్యారు. వణుకు, ఫిట్స్, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం. ఆ కల్లులో డయజిపాం, అల్ప్రజోలం లాంటివి కలిపేవారు. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసే కూలీలు వాళ్ళు. జీవితంలో టెన్షన్ బిళ్ళ అనే మాటే వినని ముసలమ్మలు కూడా ఆ కల్లు తాగినవాళ్ళే. వాళ్ళందరికీ ఒకేసారి మనసు బలహీనపడిందా? (మన జీలుగు కల్లుని ఇందులోకి లాగొద్దు, గొడవంతా కలిపిన మందుదే.)

మా అసలు కోపం ఇంకోచోట ఉంది. అల్ప్రజోలం, డయజిపాం హెచ్1 షెడ్యూల్లో ఉన్నాయి. 2014 నుంచి చీటీ చూసి, రోగి పేరు రిజిస్టర్‌లో రాసుకునే అమ్మాలి. సిటీలో తమ్ముడికి పది నెలలు ఎవరూ చీటీ అడగలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక, మెల్లగా తగ్గించుకోడానికి మందు కావాలంటే మండల కేంద్రంలో షాపువాళ్ళు చీటీ అడిగారు. వాళ్ళు చేసింది న్యాయమే. కానీ ఎక్కించడానికి అడగని చీటీ దించడానికి అడిగితే, దాని కోసం విశాఖ దాకా బస్సు ఛార్జీ పెట్టాల్సింది మనవాడే. పక్కవీధిలో డాక్టరున్నవాడికీ, రెండు బస్సులు మారాల్సినవాడికీ ఒకే బిళ్ళ ఒకేలా వదలదు. కొందరికి కష్టం ఎక్కువ ఎందుకంటే ఇది కూడా ఒక కారణం, దీన్ని ఎవరూ చెప్పరు. మానసిక వైద్యులు రాసిన మందు మన పీహెచ్‌సీలో నెలనెలా అందాలని ఐటీడీఏకి అర్జీ రాస్తున్నాం. సంతకాలు కావాలి.

ఇది చదివి భయపడి ఎవరూ ఇవాళే మానేయొద్దు. చాలామంది మెల్లగా తగ్గించుకుని మామూలుగానే బయటపడతారు. ఇప్పుడు డాక్టర్లు పాటించే పద్ధతి, ఉన్న డోసులో 5 నుంచి 10 శాతం, రెండు నుంచి నాలుగు వారాలకోసారి. బాధ ఎక్కువైతే ఆ మెట్టు మీదే ఆగుతారు. ఎంత, ఎప్పుడు అనేది డాక్టరుతోనే తేల్చుకోండి. చెప్పుకోడానికి ఎవరూ లేకపోతే 14416కి చేయండి, అది టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నా 108కి చేయాలి, ఆగకూడదు.

వాగులో పారేయమన్న ఆ పోస్టు తీసేశాం. రాసిన అన్న తమ్ముడి ఊరెళ్ళి మాట్లాడి వచ్చాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మేం అడగలేదు.

తమ్ముణ్ణి డాక్టరు డయజిపాంకి మార్చారు, ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందని. ఐదో తగ్గింపు అయింది. నాలుగోదానికి పదిరోజులు బాగా ఇబ్బంది పడ్డాడు, ఐదోది తేలిగ్గానే పోయింది. ఈ దసరాకి ఊరెళ్తున్నాడు. చీటీ జెరాక్స్ ఒకటి బ్యాగులో, ఒకటి వదిన దగ్గర.