కాన్పుకు పైసా అక్కర లేదు. బోర్డు మీద రాసేవారేరీ?

వరంగల్ : నొప్పులు రాగానే దగ్గరి ముప్పై పడకల ఆసుపత్రిని కాదని కిరాయి బండిలో వరంగల్ సి.కె.ఎం.కో, హన్మకొండ ప్రసూతి ఆసుపత్రికో పరుగెత్తే పల్లె కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కిరాయి చేతి నుంచే పడుతుంది. 2011లో కేంద్రం తెచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు దవాఖానాలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం కూడా ఉచితమే. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్ అయితే 7 రోజులు బాలింతకు భోజనం పెట్టాలి. తోడు వచ్చిన వారికి మాత్రం ఆ లెక్కలో లేదు, సద్ది కట్టుకు రావలసిందే. పెద్దాసుపత్రికి పంపితే బండి ఏర్పాటు, తిరిగి ఇంటికి దింపడం సర్కారుదే.

అయితే జనం భయం ఉత్తది కాదు. మత్తు డాక్టరు లేనిచోట ఆపరేషన్ సాగదు. ఏ రోజు ఏ డాక్టరు ఉంటారో గేటు దగ్గరే తెలుగులో రాసిపెడితే, నెలలు నిండకముందే ఆశా కార్యకర్త ఆ సంగతి ఇంటింటా చెప్పగలదు.